వేగిస చెక్క వేసిన సారా

కోదండరామ్‌కి పిచ్చి పట్టడం సూర్యకుమారికి కొత్త కాదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమె చాలా పిచ్చులు చూసింది. తెనాలిలో ఉండగా వంటింటి అటక మీద పుట్టగొడుగులు పెంచాడు. ఆ కంపు భరించలేక పక్కవాటా వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోయారు. కెనడా వచ్చిన కొత్తలో తేనెటీగలన్నాడు, తర్వాత వాస్తు అన్నాడు, కోవిడ్ రోజుల్లో ఇంటినిండా రాగి చెంబులు నింపాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నాడట వెనకటికెవడో. ఈయనకైతే ఒక పిచ్చి కుదిరిందనుకునేలోపే ఇంకోటి తగులుకునేది.

మనిషికి యాభై ఎనిమిదేళ్ళు. టొరంటో పక్కన ఏజాక్స్‌లో సొంత ఇల్లు, వేర్‌హౌస్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్ ఉద్యోగం, పదేళ్ళుగా షుగరు. ఇండియాలో ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మినవాడు కాబట్టి ఏం చెప్పినా ఎదుటివాడు నమ్మేట్టు చెప్తాడు. దానికంటే ప్రమాదం ఏమిటంటే, ఎదుటివాడికంటే ముందు తనే నమ్ముతాడు.

సారా పిచ్చి రెండువేల ఇరవై ఒకటి చలికాలంలో పట్టింది. డిస్టిల్డ్ వాటర్ చేసుకోవడానికని చెప్పి ఒక మిషను ఆన్‌లైన్‌లో తెప్పించాడు. అందులో నీళ్ళు ఒక్కసారి కూడా కాయలేదు. గరాజ్‌లో బెల్లపు ఊట పెట్టి, ముక్కుపుటాలు మండే సారా దింపాడు. లైసెన్స్ లేకుండా ఇంట్లో సారా కాయడం ఈ దేశంలోనూ నేరమేనని సూర్యకుమారి మొత్తుకుంది. ఆయన వినలేదు. పైగా ఈ సారా పచ్చిగా ఉందనీ, మాగబెడితే స్కాచ్‌కి తాతవుతుందనీ చెప్పడం మొదలుపెట్టాడు.

మాగబెట్టాలంటే ఓక్ పీపా కావాలి. పీపా ధర చూసి ఆయన జ్ఞానం కొత్త దారి పట్టింది.

“పీపా ఎందుకే? సారా చెక్కలో ఉన్నా, చెక్క సారాలో ఉన్నా ఒకటేగా” అన్నాడు.

“మీరు నీళ్ళలో ఉన్నా, నీళ్ళు మీలో ఉన్నా ఒకటేనా? ఓసారి లేక్‌లోకి దిగి చూసి రండి” అంది సూర్యకుమారి.

అలా గాజు జాడీలు వచ్చాయి. మొదట కొట్లో కొన్న ఓక్ ముక్కలు వేశాడు. అవి ఫరవాలేదు. ఫరవాలేదనిపించే పని కోదండరామ్‌కి ఆనదు. పెరట్లోని మేపుల్ కొమ్మ నరికి, స్టవ్ మీద కాల్చి వేశాడు. కాలిన గోనెసంచి వాసన వేసింది. చలీ వేడీ మార్చి మార్చి తగిలితే చెక్క ఊపిరి పీలుస్తుందని పగలంతా ఆ జాడీల్ని మంచులో పెరటివైపు చెక్క డెక్ మీద పెట్టేవాడు, సాయంత్రం కాగానే ఒక్కొక్కటీ చంటిబిడ్డలా ఎత్తుకొచ్చి ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పక్కన దింపేవాడు. తమ చంటిబిడ్డని ఆయన అలా ఎత్తుకున్న రోజు ఒక్కటీ సూర్యకుమారికి గుర్తు రాలేదు. కూతురు పెద్దదై మాంట్రియల్‌లో ఉద్యోగం చేసుకుంటోంది. ఫోన్‌లో ఈ సంగతులు చెప్తే “మామ్, జస్ట్ ఇగ్నోర్ హిమ్” అంటుంది.

ఇగ్నోర్ చెయ్యడానికి బేస్‌మెంట్‌లో అద్దెకున్న భజన బృందం ఒప్పుకోవాలిగా! ఆ ఏళ్ళలో మనవైపు నుంచి చదువుకని దిగిన పిల్లలకి అంతే లేదు. ఏ షాపింగ్ ప్లాజాలో చూసినా మెట్ల పైన ఒక కాలేజీ, ఏ కాలేజీలో చూసినా సప్లై చెయిన్ డిప్లొమా, ఏ సప్లై చెయిన్ చదివినా చివరికి డోనట్ల కౌంటరు. సూర్యకుమారికి ఆ చదువుల మీద చిటికెడు గౌరవం లేదు. ఇద్దరికి సరిపోయే వాళ్ళ బేస్‌మెంట్‌లో ఐదుగురు ఉండేవారు. వాళ్ళలో కరీంనగర్ నుంచి వచ్చిన ప్రజ్వల్ ముఖ్యుడు. కోదండరామ్ ఏ జాడీ మూత తీసినా మొదటి గుక్క అతనిదే.

“మస్తుందంకుల్! గొంతుల దిగుతాంటే తెలుస్తనే లేదు” అనేవాడు, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ.

ఒకరోజు సూర్యకుమారి అతన్ని లాండ్రీ దగ్గర పట్టుకుంది.

“నిజం చెప్పు బాబూ. ఆ కాలిన సారా నీకు నిజంగా నచ్చిందా?”

ప్రజ్వల్ మెట్లవైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “ఆంటీ, స్కార్‌బరోల మా దోస్తులు ఒక్క రూముల ఆరుగురు ఉంటున్రు. ఇక్కడ నాకు కిటికీ ఉంది.”

కిటికీ కోసం ఆ కుర్రాడు ఏం తాగమన్నా తాగేట్టున్నాడు. వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి అంటారు. ఇక్కడ వినేవాడికి వెర్రేమీ లేదు, అద్దెకి ఇంకో ఇల్లు లేదంతే. ఆ సంగతి తెలియని వేదాంతి మాత్రం రోజురోజుకీ ఉబ్బిపోతున్నాడు.

వేగిస గ్లాసులు తెచ్చినవాడూ ప్రజ్వలే. సెలవులకి ఇంటికెళ్ళి తిరిగొస్తూ, ఇండియాలో విమానం ఎక్కేముందు ఫోన్ చేసి “ఏమన్నా తేవాల్నా అంకుల్” అని అడిగాడు, పాపం మర్యాదకి. కోదండరామ్ నాలుగు వేగిస చెక్క గ్లాసులు తెమ్మన్నాడు. మనవైపు షుగరున్న ఇళ్ళల్లో ఆ గ్లాసు లేని ఇల్లు తక్కువ. రాత్రి అందులో నీళ్ళు పోసి ఉంచితే పొద్దున్నకి టీ రంగు తిరుగుతాయి. ఆ నీళ్ళు తాగితే షుగరు పోతుందని ఎగ్జిబిషన్‌లో అమ్మేవాడు చెప్తాడు. తాగినవాళ్ళకి షుగరు పోయిందో లేదో చెప్పడానికి మళ్ళీ ఎవరూ రారు.

కోదండరామ్ రెండు నెలలు ఆ నీళ్ళు తాగాడు. ఆ తర్వాత ఒక ఆదివారం, కాఫీ తాగుతున్నవాడు కప్పు దించాడు.

“సూర్యం, ఒక్క రాత్రి నీళ్ళలో ఉంటేనే ఆ చెక్క ఇంత గుణం ఇస్తుంటే, మూడు నెలలు సారాలో ఉంటే ఎంత గుణం ఇవ్వాలి?”

ఆ మధ్యాహ్నమే రంపం తెచ్చి రెండు గ్లాసుల్ని ముక్కలు కోసి జాడీలో పడేశాడు. రెండువేల ఇరవై మూడు జనవరిలో మూత తీశాడు. కిటికీ దగ్గర పట్టుకుంటే నల్లటి టీలా ఉండి అంచున నీలంగా మెరిసింది. రుచి మాత్రం నేలవేము కషాయంలో నిప్పు కలిపినట్టుందని ప్రజ్వల్ తర్వాత చెప్పాడు. అప్పుడు చెప్పింది మస్తుందనే. కోదండరామ్ రోజూ సాయంత్రం దగ్గు మందు కప్పుతో కొలిచి రెండు కప్పులు తాగడం మొదలుపెట్టాడు. మర్నాటి నుంచి షుగరు మాత్రలు మానేశాడు.

ఇదొక్కటి సూర్యకుమారి నవ్వి ఊరుకోగల పిచ్చి కాదు. షుగరు మనిషిని ఏం చేస్తుందో ఆమెకి తెలుసు. స్కార్‌బరోలో ముసలివాళ్ళుండే ఒక నర్సింగ్ హోమ్ కిచెన్‌లో పన్నెండేళ్ళుగా పనిచేస్తోంది. కళ్ళు పోయినవాళ్ళకీ, కాళ్ళు తీసేసినవాళ్ళకీ రోజూ ట్రేలు సర్దుతుంది. అరిచింది, ఏడ్చింది, రెండు రోజులు వంట మానేసింది. ఆయన పిజ్జా తెప్పించుకు తిన్నాడు. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో ఎంతకని వాదిస్తుంది? హోమ్‌లో మాత్రలు ఉమ్మేసే ముసలివాళ్ళకి నర్సులు ఏం చేస్తారో ఆమె చూసింది. మాత్ర నూరి యాపిల్ గుజ్జులో కలిపి నోట్లో పెడతారు. ఆమె మాత్ర నూరి మజ్జిగలో కలిపింది. చేదు తెలియకుండా అల్లం, పచ్చిమిరపకాయ, ఇంగువ, నిమ్మరసం దట్టించింది.

“ఈమధ్య మజ్జిగ బ్రహ్మాండంగా చేస్తున్నావే” అన్నాడు కోదండరామ్, రెండో గ్లాసు అడిగి.

మొగుణ్ణి మోసం చేస్తున్నానన్న బాధ ఆమెకి ఇసుమంత కూడా కలగలేదు. పైపెచ్చు సరదాగా ఉండేది. ఇన్నేళ్ళలో ఆయన మీద ఆమె ఇంత చులాగ్గా గెలిచింది లేదు. ఇలాంటి మనిషికి మాటతో చెప్పేదేముంది, మజ్జిగతో చెప్పాల్సిందే అనుకుంది.

ఏప్రిల్‌లో రక్తం పరీక్ష చేయించుకున్నాడు. మూడు నెలల షుగరు సగటు చెప్పే ఏ-వన్-సీ, అంతకుముందు తొమ్మిది దాటింది, ఆరు పాయింట్ తొమ్మిదికి దిగింది. దిగదా మరి? తన చేత్తో మింగిన రోజుల్లో వారంలో మూడు రోజులు మరిచిపోయేవాడు. ఇప్పుడు ఒక్క పూట తప్పడం లేదు. డాక్టరమ్మ సంతోషించి, ఏం చేస్తున్నారో అదే చెయ్యండి అంది. కోదండరామ్ ఆ రిపోర్టు ఫోటో తీసి, పక్కన జాడీ ఫోటో పెట్టి, తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాడు.

ఆ రోజే నిజం చెప్పాల్సింది. సూర్యకుమారి నోటిదాకా తెచ్చుకుని మింగేసింది. చెప్తే మజ్జిగ కూడా మానేస్తాడు. ఆయన గొప్ప ఆయన చెప్పుకుంటే తనదేం పోయింది? ఒళ్ళు బాగుంటే చాలు అనుకుంది.

ఎండలొచ్చాక శనివారం శనివారం పెరట్లో జనం పోగవడం మొదలైంది. అందరూ షుగరు మనుషులే. ఇక్కడ ముప్ఫై ఏళ్ళున్నా, పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసినా, చెక్క సారా అనగానే దగ్గు మందు కప్పులు పట్టుకుని చంటిపిల్లల్లా వరసలో నిలబడ్డారు. చదువుకి మూఢత్వం పోతుందని ఎవరన్నారో గానీ వాళ్ళు ఏజాక్స్ రాలేదు. సూర్యకుమారి మొక్కజొన్న పొత్తులు కాల్చి ఇస్తూ, ఒక్కొక్కరి మొహం చూసి లోపల్లోపల నవ్వుకునేది.

ఆ వరసలో భీమారావు ఉన్నాడని ఆమె కాస్త ఆలస్యంగా గమనించింది. భీమారావుకి అరవై ఏడేళ్ళు, భార్య పోయింది, స్కార్‌బరోలో అపార్ట్‌మెంట్‌లో ఒక్కడే ఉంటాడు. పదిహేనేళ్ళ కిందట వీళ్ళు రెండు సూట్‌కేసులతో ఈ దేశంలో దిగినప్పుడు మూడు నెలలు తన ఇంట్లో పెట్టుకున్న మనిషి. తన మంచం సూర్యకుమారికీ పిల్లకీ ఇచ్చి, తను వంటగదిలో పడుకున్నాడు. పన్నెండేళ్ళుగా ఇన్సులిన్ మీద ఉన్నాడు. ఆగస్టులో ఒక సోమవారం, సెలవునాడు, పెరట్లో ఆయన చెప్పు విప్పితే మేజోడు బొటనవేలి దగ్గర తడిగా, పసుపుపచ్చగా కనిపించింది.

“అన్నయ్యగారూ, అదేమిటి?”

“ఏదో చిన్న పుండులే చెల్లెమ్మా. నొప్పి కూడా లేదు.”

“సూది వేసుకుంటున్నారా?”

“మానేసి ఆరు వారాలైంది” అన్నాడు భీమారావు సంబరంగా. “మీవాడి చెక్క మందు ఉండగా ఇంకా పొట్టలో పొడుచుకోవడం ఎందుకు?”

సూర్యకుమారి చేతిలో ఉన్న పళ్ళెం కింద పెట్టేసింది. నొప్పి లేని పుండంటే ఏమిటో ఆమెకి తెలుసు. హోమ్‌లో మూడో ఫ్లోర్ నిండా అలా మొదలైనవాళ్ళే. మర్నాడే బస్సెక్కి ఆయన అపార్ట్‌మెంట్‌కి వెళ్ళి మాత్రల సంగతీ, మజ్జిగ సంగతీ మొత్తం చెప్పింది. ఖాళీ మాత్రల డబ్బాలు తేదీలతో సహా చూపించింది. భీమారావు అంతా విని తల ఊపాడు. ఆయన మొహంలో కనిపించింది భయం కాదు, జాలి.

“చెల్లెమ్మా, నేనో మాట అంటాను, ఏమీ అనుకోకు. నువ్వు వాణ్ణి ఎప్పుడు మెచ్చావు? మా ఇంట్లో ఉన్న మూడు నెలలూ విన్నాను. వాడు ఏది మొదలుపెట్టినా ఎగతాళే. ఇన్నాళ్ళకి నలుగురూ వాణ్ణి మెచ్చుకుంటుంటే నువ్వు ఓర్చుకోలేకపోతున్నావు.”

“ఒట్టు అన్నయ్యగారూ!”

“డబ్బాలు ఎవరైనా ఖాళీ చెయ్యొచ్చమ్మా” అన్నాడు భీమారావు, ఆమెకి కాఫీ కలుపుతూ.

తిరుగు బస్సులో కూర్చున్నప్పుడు సూర్యకుమారికి ఒళ్ళు మండిపోయింది. మొగుడి మీద మండింది, భీమారావు మీద మండింది. ఆయన అన్న మాట నిజం కావడం మీద అన్నిటికంటే ఎక్కువ మండింది. ముప్ఫై ఏళ్ళు నలుగురిలో మొగుణ్ణి ఎగతాళి చేసిన నోటితో ఇప్పుడు నిజం చెప్తే, అదీ ఎగతాళిలాగే వినపడింది. మాటకి విలువ లేనప్పుడు అంకె చూపించడం ఒక్కటే దారి. ఆ రోజు మంగళవారం. ఆ సాయంత్రం నుంచి మజ్జిగలో మాత్ర వెయ్యడం మానేసింది. తెలిసి తెలిసి మొగుడి ఒంట్లో విషం పెరగనిస్తోంది. భయం వేసింది, అయినా మానలేదు.

శనివారం మధ్యాహ్నం పెరట్లో పన్నెండు మంది చేరారు. కోదండరామ్ నిలబడి, చెట్టు బతికుండగా భూమిలోంచి పీల్చిన గుణాన్ని చచ్చాక సారాలోకి ఎలా దింపుతుందో వివరిస్తున్నాడు. అప్పటికే రెండు గులాబ్‌జామూన్లు తిని ఉన్నాడు. సూర్యకుమారి గ్లూకోమీటరు తెచ్చి బల్ల మీద పెట్టింది.

“ఏమండీ, అందరి ముందూ ఒక్క చుక్క ఇవ్వండి. మీ మందు గుణం వీళ్ళు కూడా చూస్తారు.”

కోదండరామ్ మొహం వెలిగిపోయింది. భార్య నలుగురిలో తన తరఫున మాట్లాడటం ఆయనకి జీవితంలో అదే మొదటిసారి. తల తిప్పి అందరినీ ఒకసారి చూసుకుని, మారుమాట లేకుండా వేలు చాపాడు. ఆ వేలు పట్టుకుని సూర్యకుమారి ఒక్క క్షణం వెనకాడింది. కానీ భీమారావు మేజోడు కళ్ళ ముందే ఉంది. సూది నొక్కింది.

పందొమ్మిది పాయింట్ ఎనిమిది వచ్చింది. ఇండియా లెక్కలో మూడువందల యాభై పైమాటే.

“మిషను పాడైంది” అన్నాడు కోదండరామ్. ఇంకో వేలు తనే పొడుచుకున్నాడు. ఇరవై పాయింట్ ఒకటి.

అప్పుడు సూర్యకుమారి అంతా చెప్పింది. జనవరి నుంచి మంగళవారం దాకా, నూరిన మాత్రలు, దట్టించిన ఇంగువ, అన్నీ. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. అంతవరకూ కప్పులు పట్టుకు నిలబడ్డ మహానుభావులంతా, తమకి ముందునుంచీ అనుమానమేనని ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టారు. ప్రజ్వల్ కూడా “చేదుండె ఆంటీ, చెప్పనీకి భయమైంది” అన్నాడు. సూర్యకుమారికి గెలిచినట్టే అనిపించింది. ఆ సంతోషం అబద్ధమంటే కుదరదు, చాలా తియ్యగానే ఉంది. కోదండరామ్ మాత్రం రక్తం అంటిన వేలు రెండో చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. భీమారావు తన కప్పు గడ్డిలో ఒంపేసి, కుర్చీలో కూర్చుని మేజోడు విప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే భీమారావుని హాస్పిటల్‌లో చేర్చారు. కాలు దక్కింది గానీ రెండు వేళ్ళు తీసేశారు. ఇంకో వారం ఆలస్యమైతే మోకాలి దాకా పోయేదన్నారు.

పది రోజుల తర్వాత మొగుడూ పెళ్ళాలిద్దరూ క్యారేజీ పట్టుకుని చూడ్డానికి వెళ్ళారు. కోదండరామ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. సూర్యకుమారి మంచం పక్కన కూర్చుని, ఆయన్ని క్షమించమని అడిగింది. ఆయన్ని అంటే మొగుణ్ణి.

భీమారావు నెమ్మదిగా అన్నాడు. “వాణ్ణి క్షమించేదేముంది? వాడి పిచ్చి వాడిది, ఈనాటిదా? ఏనాడైనా నేను వాడి మాట విని ఏదైనా చేశానా? తేనెటీగలప్పుడు చేశానా, వాస్తు అన్నప్పుడు చేశానా? నేను నమ్మింది వాడి మాట కాదు చెల్లెమ్మా. ఆ రిపోర్టులో అంకె. ఆ అంకె నువ్వు చేసింది.”

  సూర్యకుమారి క్యారేజీ గిన్నెలు విప్పి, చారు చల్లారిపోతుందని అంది.

ఇంటికి వచ్చేటప్పుడు కోదండరామ్ డ్రైవ్ చేస్తున్నాడు. ఆ శనివారం నుంచి ఆయన ఆమెతో పది మాటలు మాట్లాడి ఉండడు. జాడీలన్నీ సింకులో ఒంపేశాడు. మాత్రలు తనే డబ్బాలోంచి తీసుకు మింగుతున్నాడు. నాలుగు వందల ఒకటో హైవే మీద ట్రాఫిక్ నత్తలా కదులుతోంది.

“ఆరోజు వేలు చాపమన్నావు” అన్నాడు ఉన్నట్టుండి, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా. “అప్పటికి నాలుగు రోజులైంది మాత్ర ఆపి. అంతకు ముందు ఏడెనిమిది నెలలు వేశావు. వేసేటప్పుడు నన్ను అడగలేదు. ఆపేటప్పుడూ అడగలేదు.”

“అడిగితే మింగేవారా?”

కోదండరామ్ నిజంగానే ఆలోచించాడు. ముందున్న ట్రక్కు కదిలింది. ఆయన కూడా కారు కదిలించాడు.

“మింగేవాణ్ణి కాదు” అన్నాడు. ఏజాక్స్ ఎగ్జిట్ దగ్గర ఇండికేటర్ వేసి, “అయినా అడగాలి సూర్యం” అన్నాడు.